భార్యాభర్తల లిపిడ్ ప్రొఫైల్

కరోనా తగ్గుముఖం పట్టి, జనం మాస్కులను గడ్డం కిందికి దించుకుని తిరుగుతున్న సంవత్సరం అది. తెలుగువాళ్లు ఎప్పుడో వలస వచ్చి స్థిరపడ్డ కామాటిపురలో, మా గల్లీ మొదట్లో, గ్యాలరీ వెంట వరసగా ఒంటిగది ఇళ్లుండే పాత చాలు ఒకదాని కింది అంతస్తులో రెండు గదుల పాథాలజీ ల్యాబు ఉంది. ముందు గదిలో రక్తం తీస్తాం, వెనక గదిలో యంత్రాలు. అందులో నేను టెక్నీషియన్‌ను. పుట్టింది, పెరిగింది, పెళ్లై కాపురం చేస్తున్నది అన్నీ ఈ గల్లీల్లోనే కాబట్టి, నా కుర్చీలో కూర్చుని చేయి చాపేవాళ్లలో సగం మంది నాకు ఏదో ఒక వరస అవుతారు.

నా పని చెప్పుకోవడానికి చిన్నదే. రక్తం తీసి, ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో పెడతాను. అది గిర్రున తిరిగేసరికి ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు రంగులో సీరమ్ తేరుకుంటుంది. ఆ సీరమ్‌ను యంత్రానికి ఇస్తే అంకెలు వస్తాయి. వాటిని చూసి సంతకం పెట్టేది మా పాథాలజిస్టు మేడమ్. ఆ అంకెలను బట్టి మందు రాసేది ఇంకో డాక్టరు. ఈ తేడా మా గల్లీలో ఎవరికీ పట్టదు. కూరగాయల బండి దగ్గర, బోనాల ఊరేగింపులో, చివరికి ఒకరి దినాల భోజనంలో కూడా నన్ను ఆపి "నా రిపోర్టు ఎట్లుందే?" అని అడిగినవాళ్లున్నారు.

యాదక్కది మా పక్క చాలు, రెండో అంతస్తు. బడిలో ఆయాగా పనిచేసేది. మనిషి ఎంత సన్నమంటే, గ్యాలరీలో తీగ మీద ఆరేసిన చీరల మధ్య నిలబడితే కనబడేది కాదు. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు. మిగిలిన రోజుల్లో చారూ అన్నం. మటన్ ముట్టదు, వేపుడు ముట్టదు. తను ముట్టకపోవడంతో ఆగితే ఎవరికీ బాధ ఉండేది కాదు. చాలు మొత్తానికి ఆమె తనను తాను ఆరోగ్య మంత్రిగా నియమించుకుంది. గ్యాలరీలో నడుస్తూ ముక్కు ఎగబీల్చి, "ఎవలింట్ల డాల్డా కాగుతున్నదే?" అని అరిచేది. ఎవరి చేతిలోనైనా వడాపావ్ కనిపిస్తే చాలు, అందులోని వడను లాక్కుని, కాగితంలో పెట్టి పిండి, అంటిన నూనెను వెలుతురుకు పట్టి చూపించేది. "సూడు బిడ్డా, రేపు నీ గుండెల ఉండేది గిదే." పిల్లలు ఆమెను చూసి వడాపావులు చొక్కాల్లో దాచుకునేవాళ్లు. చొక్కాలకు నూనె అంటి ఇంట్లో తన్నులు తినేవాళ్లు.

ఇంత చేసినా ఆమె గెలవలేకపోయింది ఒక్కరి దగ్గరే. ఆమె భర్త నర్సింహ బావ దావత్ వంటవాడు. తెలుగువాళ్ల ఇళ్లల్లో పెళ్లయినా, పుట్టువెంట్రుకలైనా మటన్ వండడానికి ఆయనే పోవాలి. కూర మీద నూనె అద్దంలా తేలి అందులో తన మొహం కనబడితేనే పొయ్యి దింపుతానని గొప్పగా చెప్పేవాడు. పొట్ట ఆయనకంటే ముందు గదిలోకి వచ్చేది. యాదక్కను నేను అక్కా అంటాను కాబట్టి ఆయన నాకు బావ, ఆయనకు నేను మరదలిని. ఎదురుపడితే హాస్యమాడకుండా వదిలేవాడు కాదు.

ఒకరోజు ఏదో పెళ్లిలో బోటి కూర గట్టిగా తిని వచ్చాక ఆయనకు రొమ్ములో మంట పుట్టిందట. రెండు త్రేన్పులు వచ్చి తగ్గిపోయింది. కానీ యాదక్కకు అది చాలు. ఏళ్లుగా ఎదురుచూస్తున్న నేరస్థుడు చేతికి చిక్కినంత సంబరంగా, మరునాడు పొద్దున్నే ఆయనను మా ల్యాబుకు లాక్కొచ్చింది.

"సులోచనా, ఈయన నెత్తురు తీ. అండ్ల ఎంత నూనె ఉన్నదో లెక్క చెప్పు."

లిపిడ్ ప్రొఫైల్ అనే పరీక్ష చేయాలి. రక్తంలోని కొవ్వు రకాలను విడివిడిగా కొలుస్తుంది. రక్తనాళాల గోడల్లో పేరుకునే ఎల్‌డీఎల్‌ను చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు. హెచ్‌డీఎల్‌ను మంచిది అంటారు. ట్రైగ్లిజరైడ్లు అని ఇంకో రకం. మా ల్యాబులో దానికి రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రమ్మంటాం.

"బావా, పొద్దున్నుంచి ఏం తినలేదు కదా?" అన్నాను.

"ఏం తినలే."

"నోట్లోంచి మసాలా వాసన వస్తోంది."

"గదా? ఒక దావత్‌కు కూర పొయ్యి మీద పెట్టి వచ్చిన. ఉప్పు చూసిన. ఉప్పు చూసుడు తినుడు అయితదా మరదలా?"

"ఎన్ని ముక్కలతో చూశారు?"

"ముక్కకు పట్టిందో లేదో తెల్వాలె గద!"

ఆ రోజుకు వెనక్కి పంపించాను. మరునాడు యాదక్క ఆయనను పొయ్యి వైపు పోనివ్వకుండా కాపలా కాసి తీసుకొచ్చింది. తీరా కుర్చీలో కూర్చున్నాక ఆయన చేయి వెనక్కి లాక్కున్నాడు.

"ఈమె ఇస్తెనే నేనిస్త. నా ఒక్కని నెత్తురు ఎందుకియ్యాలె?"

"నాకెందుకు? నాల ఏమున్నది తియ్యనీకి?" అంది యాదక్క. ఆ మాట నిజమేననిపించింది నాకు కూడా. కానీ ఆయన మొండికేశాడు. "సరే తియ్యి. పక్కపక్కన పెట్టి చూపిస్తెనన్న సిగ్గు వస్తది ఈయనకు" అని ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. చిన్న దబ్బనంలాంటి ఆ చేతిలో నరం దొరకడానికి నేను తంటాలు పడుతుంటే, బావ పక్కన నిలబడి "జర చూసి తీ, మొత్తం అయిపోగలదు" అన్నాడు.

సెంట్రిఫ్యూజ్ ఆగాక రెండు ట్యూబులూ పైకెత్తి చూశాను. రెండూ తేటగానే ఉన్నాయి. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువైతే సీరమ్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. కానీ కొలెస్ట్రాల్ ఒక్కటే ఎక్కువగా ఉంటే కంటికి ఏమీ తెలియదు. యంత్రానికి ఇచ్చాను. బావ అంకెలన్నీ హద్దులోనే వచ్చాయి. ఇదేదో విడ్డూరంగా ఉందే అనుకుంటూ రెండో ట్యూబు ఫలితం చూసి, నిలబడ్డదాన్ని కూర్చున్నాను. ఎల్‌డీఎల్ వందకు అటూఇటూ ఉంటే మంచిదంటారు. యాదక్కది రెండు వందల ఎనభై ఆరు.

లేబుళ్లు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. అంకె ఎప్పుడైనా నమ్మశక్యంగా లేకపోతే మేము యంత్రాన్ని తెలిసిన నమూనాతో సరిచూసుకుని మళ్లీ పరీక్షిస్తాం. అలాగే చేశాను. అదే వచ్చింది. మేడమ్ కూడా చూసి, "పేషెంటును డాక్టరు దగ్గరికి వెళ్లమను" అని సంతకం పెట్టారు.

సాయంత్రం యాదక్క ఒంటరిగా రాలేదు. చాలులోంచి నలుగురైదుగురు ఆడవాళ్లను సాక్ష్యానికి వెంటబెట్టుకొచ్చింది. వెనకాల బావ, శిక్ష వినడానికి వచ్చినవాడిలా తల వంచుకుని ఉన్నాడు.

"చదువు, అందరు వినాలె."

"లోపలికి రా అక్కా, నీకు ఒక్కదానికే చెప్తాను."

"ఎందుకు? దాచేటిది ఏమున్నది? ముందుగాల ఈయనది చదువు."

బావను అడిగాను. "చదువు, అయ్యేది ఎట్లైనా అయితది" అన్నాడు. చదివాను. అన్నీ నార్మల్ అన్నాను. బావ మెల్లగా తల ఎత్తాడు.

"ఇంకోపాలి చదువు మరదలా. మెల్లగ. ఆ నార్మల్ అన్న కాడ జర ఆగు."

యాదక్క నా చేతిలోంచి తన కాగితం లాక్కుంది. అంకెల పక్కన హెచ్ అనే అక్షరం ముద్ర ఉంది. ఎక్కువ అని గుర్తు. బడిలో పనిచేసే మనిషి, ఆ మాత్రం తెలియదా? కాసేపు చూసి, "నువ్వు పేర్లు మార్చినవ్" అంది.

"లేదక్కా. రెండుసార్లు చూశాను."

"మీ బావ నీకు బోటి కూర పంపుతడు. నాకు తెల్వదా? ఇద్దరు కలిసి చేసిన్రు."

కూర పంపే మాట నిజమే. ఆలోగా బావ గల్లీలో పడ్డాడు. పాన్ కొట్టు దగ్గర, నల్లా దగ్గర, టాక్సీల స్టాండు దగ్గర "నార్మల్" అనే ఇంగ్లీషు మాటను ఏదో బిరుదులా చెప్పుకుంటూ తిరిగాడు. ఆ సాయంత్రం వాళ్ల పొయ్యి మీద కాళ్ల పాయా ఉడికింది. చాలు పిల్లలు గ్యాలరీలో వడాపావులు బాహాటంగా తిన్నారు. యాదక్క తలుపు వేసుకుంది.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది, తన రక్తాన్ని తన కళ్ల ముందే పరీక్షించాలని. వచ్చేటప్పుడు గుర్తుకు ఎర్రదారం కూడా తెచ్చి, ట్యూబుకు తనే ముడి వేసింది. ఆ దారంతో సెంట్రిఫ్యూజ్‌లో పెట్టలేమని ఒప్పించేసరికి నా తాతలు దిగివచ్చారు. యంత్రం ముందు స్టూలు వేసుకుని, పొంగుకొచ్చే పాలను చూసినట్టు కన్నార్పకుండా చూసింది. అంకె వచ్చింది. ఇంచుమించు మునుపటిదే. లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది.

డాక్టరు దగ్గరికి మాత్రం పోలేదు. తన లెక్క ప్రకారం కొవ్వు నోటి ద్వారా వస్తుంది కాబట్టి నోరు మూస్తే పోవాలి. అసలే అంతంత మాత్రం తిండి, దాన్నీ తగ్గించింది. ఎవరో ఫోనులో పంపారని పొద్దునా సాయంత్రం వెల్లుల్లి రసం తాగడం మొదలుపెట్టింది. ఆమె గ్యాలరీలోకి వస్తే పొరుగువాళ్లు తలుపులు వేసుకునేవాళ్లు.

కొన్ని వారాల తర్వాత బావ ల్యాబుకు వచ్చాడు. హాస్యమాడలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"మరదలా, మీ అక్కతోని జర మాట్లాడు. తింటలేదు. నల్లా కాడ కండ్లు తిరిగి కూసున్నదట. నిన్న నేను కావాలని ఆమె ముంగటనే భజ్జీలు తిన్న. తిడ్తదేమో అని. తిట్టలే. ముప్పై ఏండ్లల్ల ఒక్కరోజు గూడ తిట్టకుంట ఉండలే. ఇంట్ల భయమైతున్నది."

ఆ సాయంత్రమే వాళ్ల ఒంటిగది ఖోలీకి వెళ్లాను. యాదక్క చాప మీద గోడకు ఆనుకుని ఉంది. నన్ను చూడగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేనేం తిన్ననే సులోచనా? చెప్పు. ఒక్క వేపుడు తిన్ననా, ఒక్క మిఠాయి తిన్ననా? నాకే ఎందుకొచ్చె? అందరు నవ్వవట్టిరి. ఇంట్ల దాచుకొని తింటదేమో అంటున్నరట."

నవ్వులపాలు కావడం ఆమెకు జబ్బు కంటే పెద్ద దెబ్బ అని అప్పుడు అర్థమైంది. ఆమె తిండి తగ్గించింది వైద్యం కోసమే కాదు, నిర్దోషినని రుజువు చేసుకోవడానికి కూడా.

"మీ పుట్టింట్లో ఎవరికైనా గుండె జబ్బు ఉండేదా అక్కా?" అని అడిగాను.

"మాకా? మావోళ్లు మట్టి మోసిన కూలోళ్లు. కొవ్వు ఏడికెళ్లి వస్తది? మా నాయిన పనికాడ కూలిపోయి పాణం విడిచిండు, ఎండదెబ్బ అన్నరు. మా తమ్ముడు వర్లిల మెట్లెక్కుకుంట మెట్ల మీదనే పోయిండు. నలభై గూడ నిండలే. గాలి సోకిందన్నరు." చెప్పుకుంటూ పోతూ తనే ఆగింది. ఆమె కళ్ల మూలల్లో, ముక్కు పక్కన, పసుపు రంగు మచ్చలుంటాయి. అదృష్టపు మచ్చలని చాలులో అందరూ అంటుంటే ఏళ్లుగా వింటున్నాను. ఆ రోజు వాటిని మొదటిసారి సరిగ్గా చూశాను. జబ్బు పేరు చెప్పడం నా పని కాదు. "ఇప్పుడు నాకు చెప్పింది డాక్టరుకు చెప్పు. రేపు నేనూ వస్తాను" అన్నాను.

గుండె డాక్టరు కాగితం చూసేలోపే ఆమె కళ్లు చూశాడు. చెప్పులు విప్పమన్నాడు. మడమ వెనక నరంలా సాగే స్నాయువును రెండు వేళ్లతో పట్టి చూశాడు. అక్కడ గట్టిగా ఉబ్బు ఉంది. నడిచి నడిచి కాయ కాసిందని ఆమె అనుకుంటోంది. కళ్ల దగ్గరి మచ్చలూ, ఈ ఉబ్బూ పేరుకున్న కొలెస్ట్రాలేనన్నాడు. తండ్రి సంగతి, తమ్ముడి సంగతి విన్నాడు. థైరాయిడ్ కూడా పరీక్ష చేయించి, అది బాగానే ఉందని తేలాక హిందీలో నెమ్మదిగా విడమర్చి చెప్పాడు. ఒంటికి కావలసిన కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేస్తుంది. రక్తంలో మిగిలిన ఎల్‌డీఎల్‌ను తిరిగి లోపలికి లాక్కునేదీ అదే. కొందరికి పుట్టుకతోనే ఆ లాక్కునే శక్తి తక్కువగా ఉంటుంది. తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. వాళ్లు ఎంత తక్కువ తిన్నా రక్తంలో పేరుకుంటూనే ఉంటుంది.

యాదక్క కాసేపు ఆలోచించింది. "అంటే సాబ్, గల్లీలకు కచరా బండి వస్తలేదన్నట్టు. మేము ఎంత తక్కువ పారేసినా జమ అయితనే ఉంటది."

డాక్టరు నవ్వి, రేపటి నుంచి తనూ అందరికీ అలాగే చెప్తానన్నాడు.

"అయితే నా తప్పు గాదా?"

"నీ తప్పు ఇందులో ఏమీ లేదమ్మా."

ఆమె నా వైపు తిరిగి, "విన్నవా? డాక్టర్ సాబే చెప్పిండు. చాల్ల అందరికి చెప్పాలె నువ్వు" అంది. మందు సంగతి అడగలేదు, ముందు పరువు సంగతి తేల్చుకుంది.

అప్పటిదాకా మూల నిలబడ్డ బావ గొంతు సవరించుకున్నాడు. "సాబ్, మరి నాది నార్మల్. అంటే నేను ఎంత తిన్నా ఏం గాదు గద?"

డాక్టరు ఆయనను కూర్చోబెట్టి, చేతికి బీపీ పట్టీ చుట్టాడు. ఒకసారి చూసి, కాసేపు ఆగి మళ్లీ చూశాడు. బాగా ఎక్కువ ఉంది. పొట్ట తగ్గించాలి, ఉప్పు తగ్గించాలి, వారం రోజులు వరసగా బీపీ చూపించుకుని మళ్లీ రావాలి అన్నాడు. ఒక అంకె బాగుంటే మిగతావన్నీ బాగున్నట్టు కాదన్నాడు.

"ఉప్పా?" అన్నాడు బావ. వంటవాడి దగ్గర ఉప్పు లాక్కోవడం పోలీసు దగ్గర లాఠీ లాక్కోవడమే. యాదక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది. అన్ని వారాల తర్వాత అదే మొదటి నవ్వు.

మందు దగ్గర మాత్రం ఇంకో యుద్ధం జరిగింది. స్టాటిన్ అనే మాత్ర, కాలేయం కొలెస్ట్రాల్ తయారుచేయడాన్ని తగ్గిస్తుంది. రోజూ వేసుకోవాలి, ఆపకూడదు. "బతుకంత గోళీ మింగాల్నా? కార్జం ఖరాబైతదంట" అని ఆమె మాత్రల పట్టీ దాచేసింది. కాలేయాన్ని మధ్యలో పరీక్షిస్తారని, కండరాల నొప్పిలాంటిదేమైనా ఉంటే డాక్టరుకే చెప్పాలిగానీ సొంతంగా ఆపకూడదని నేను చెప్పినా తలకెక్కలేదు. చివరికి ఒప్పించింది బావే. తన బీపీ మాత్ర కూడా ఖాయమయ్యాక దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆమె ముందు కూర్చున్నాడట.

"నువ్వు ఏసుకుంటెనే నేను ఏసుకుంట."

రక్తం ఇచ్చిన రోజున వేసిన మొండి షరతే. కానీ ఈసారి ఆమెకు వేరే దారి లేకపోయింది. ఆయనను చావనివ్వడం ఆమె వల్ల కాదు. అప్పటినుంచి ఒకరి నోట్లోకి ఒకరు చూసి, నాలుక కింద దాచలేదని తేల్చుకుంటేనే పడుకునేవాళ్లు.

ఇంట్లో వంట బావ చేతికి మారింది. ఆమె మళ్లీ కడుపునిండా తినాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, చేపల పులుసు. నూనె చెంచాతో కొలిచి పోసేటప్పుడు ఆయన మొహం చూడాలి, పొయ్యి దగ్గర ఎవరినో సాగనంపుతున్నట్టు ఉండేది. "మరదలా, ఇండ్ల నా మొకం కనవడ్తలేదే" అనేవాడు గిన్నెలోకి చూస్తూ.

రెండు నెలలకు ఆమె ఎల్‌డీఎల్ సగానికి దిగింది. అదీ చాలదని డాక్టరు ఇంకో మాత్ర కలిపాడు. ఈసారి ఆమె వాదించలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె మనసు వేరేచోట ఉంది. ఈ గుణం రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఉండొచ్చని, అందరికీ పరీక్ష చేయించమని డాక్టరు చెప్పాడు. ఆమె వర్లి బయలుదేరింది. చనిపోయిన తమ్ముడి కొడుకు అజయ్‌ను చేయి పట్టుకుని మా ల్యాబుకు తెచ్చింది. కండలు తిరిగిన పిల్లవాడు. తెలుగు సగం, మరాఠీ సగం.

"అత్తా, మీ ఫిట్ ఆహే! నేను ఫిట్టే. రోజ్ జిమ్‌కు పోత. నాకు ఎందుకు ఇది?"

"మీ నాయిన గూడ ఫిట్టే ఉండె, బిడ్డా."

వాడు చొక్కా చేయి పైకి మడిచాడు. నేను సూది గుచ్చుతుంటే ఆమె వాడి రెండో చేయి పట్టుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది.

అజయ్‌ది కూడా ఎక్కువే వచ్చింది. డాక్టరు గుండెను పరీక్షించి, ఇంకా చెడిందేమీ లేదని, మంచి సమయంలో పట్టుకున్నామని మాత్ర మొదలుపెట్టాడు. ఆ రోజు యాదక్క మా ల్యాబు గడప మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తమ్ముడి కోసమో, వాడి కొడుకు కోసమో నేను అడగలేదు. బావ పక్కన కూర్చుని, ఉప్పు లేని పల్లీలు ఒక్కొక్కటే ఒలిచి ఆమె చేతిలో పెట్టాడు.

ఇన్నేళ్ల పనిలో నేను ఎన్నో వేల రిపోర్టులు ఇచ్చాను. అవి అందుకునేవాళ్లలో చాలామంది "పాసా, ఫేలా?" అని అడుగుతారు. నార్మల్ వచ్చినవాడు మంచివాడని, ఎక్కువ వచ్చినవాడు ఏదో తప్పు చేసి దొరికిపోయాడని మనకు ఒక నమ్మకం. తిండి, నడక, బరువు లెక్కలోకి రావని కాదు, తప్పకుండా వస్తాయి. కానీ మనిషి ఆకారం చూసి రక్తంలో ఏముందో చెప్పడం ఎవరి తరమూ కాదు. భయం కంటే సిగ్గే ఎక్కువమందిని డాక్టరుకు దూరంగా ఉంచుతుందని నాకు యాదక్క వల్లే తెలిసింది. అందుకే ఇప్పుడు ఏ కాగితమైనా తలుపు వేసి, కూర్చోబెట్టి ఇస్తాను.

యాదక్క మాత్రం మంత్రి పదవి వదల్లేదు, శాఖ మార్చుకుంది అంతే. వడాపావుల జోలికి పోవడం బాగా తగ్గించి, మనుషులను పరీక్షకు తేవడం మొదలుపెట్టింది. మొన్న ఒక లావుపాటి టాక్సీ డ్రైవరును తీసుకొచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టింది. అతని వెంట వచ్చిన దోస్తు, వెదురుబద్దలా ఉన్నాడు, తలుపు దగ్గర నిలబడి పొట్ట చూపించి ఎకసెక్కాలు ఆడుతున్నాడు. యాదక్క వాడిని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది.

"నువ్వు లెవ్వన్నా" అంది డ్రైవరుతో. "ముందుగాల ఈ నవ్వేటోన్ని కూసోనియ్యి."